బెంగళూరు నల్లరాయి మీద 58 వేల పేర్లు: ఆ గోడను ఎలా చదవాలి

వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల పేర్లు చెక్కిన నల్లగోడ వాషింగ్టన్‌లో ఉంది. దాని రాయి బెంగళూరు ప్రాంతపు క్వారీల నుంచి వెళ్లింది. ఈ సంగతి ఇక్కడ బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. వేసవిలో పిల్లల దగ్గరికి వర్జీనియాకో మేరీల్యాండ్‌కో వెళ్లే అమ్మానాన్నలు లింకన్ విగ్రహం ముందు ఫొటో దిగి, పక్కనే ఉన్న ఈ గోడ వెంట ఓ పది నిమిషాలు నడిచి కారెక్కేస్తారు. ఆ పేర్లు ఏ వరుసలో ఉన్నాయో, పేరు పక్కన ఆ చిన్న గుర్తులేమిటో చెప్పేవాళ్లు లేకపోతే ఎవరికైనా అంతే. వెళ్లేముందు తెలుసుకోవలసినవి ఇక్కడ రాస్తున్నాను. రాయి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఆ గోడ గొప్పతనంలో సగం ఆ రాయిదే.

వ్యాపారంలో బ్లాక్ గ్రానైట్ పేరుతో అమ్ముడుపోయేది చాలావరకు డోలరైట్, గాబ్రో జాతి రాయి. కర్ణాటక దక్షిణ భాగంలో కోట్ల ఏళ్ల కిందట పాత శిలల్లో పడ్డ పగుళ్లలోకి కింది నుంచి శిలాద్రవం ఎక్కి, అక్కడే గట్టిపడి, నిలువు పొరలుగా మిగిలింది. వీటినే డైక్‌లంటారు. కనకపుర, చామరాజనగర వైపు నల్లరాతి క్వారీలన్నీ ఈ డైక్‌ల వెంటే ఉంటాయి. రేణువు సన్నగా, రంగు ఒకే తీరుగా ఉండటం ఈ రాయి లక్షణం. పాలిష్ పడితే అద్దమైపోతుంది. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ కూడా నల్లరాయే, అందమైనదే. కానీ అందులో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. వంటింటి గట్టుకు అవి అందం. అరంగుళం అక్షరాలు చెక్కాలంటే మాత్రం ఆ చుక్కల మధ్య అక్షరం పోతుంది. పేర్ల గోడకు చుక్కా చారా లేని రాయే కావాలి.

అలాంటి నల్లరాయి స్వీడన్‌లోనూ, కెనడాలోనూ దొరుకుతుంది. అయితే యుద్ధకాలంలో నిర్బంధ సైనిక భర్తీని తప్పించుకోవాలనుకున్న అమెరికన్ యువకులు ఎక్కువగా వెళ్లింది ఆ దేశాలకే. చనిపోయినవాళ్ల పేర్లు ఆ దేశాల రాయి మీద చెక్కడం మాజీ సైనికులకు మింగుడుపడని మాట. అలా బెంగళూరు రాయి ఖాయమైంది. ఇక్కడి నుంచి వెళ్లిన రాయిని వెర్మాంట్ రాష్ట్రంలోని బ్యారీ పట్టణంలో కోసి, పాలిష్ పట్టి, అక్కడి నుంచి టెనెసీ రాష్ట్రం మెంఫిస్‌కు పంపి అక్షరాలు వేయించారు.

గోడ నమూనా గీసింది మాయా లిన్. 1981లో జరిగిన బహిరంగ పోటీకి 1,421 నమూనాలు వచ్చాయి. వాటి మీద పేర్లు ఉండవు, అంకెలే. గెలిచిన నమూనా గీసిన మనిషి 21 ఏళ్ల యేల్ విద్యార్థిని అని న్యాయనిర్ణేతలకు ఎంపిక అయ్యాకే తెలిసింది. గోడ నల్లగా, నేలలోకి దిగినట్టు ఉండటం మీద పెద్ద గొడవే నడిచింది. పక్కన జెండా స్తంభం, ముగ్గురు సైనికుల కంచు విగ్రహం పెట్టడానికి ఒప్పుకున్నాక అది చల్లారింది. 1982 నవంబరు 13న గోడను జాతికి అంకితం చేశారు.

కొలతలు చూడండి. రెండు భుజాలు, ఒక్కొక్కటి 246 అడుగుల 9 అంగుళాలు. రెండూ 125 డిగ్రీల కోణంలో కలుస్తాయి. ఆ కలిసే చోట ఎత్తు పది అడుగులకు కాస్త పైన. అక్కడి నుంచి తగ్గుతూ పోయి చివర్లో 8 అంగుళాలకు వస్తుంది. ఒక్కో ప్యానెల్ వెడల్పు 40 అంగుళాలు, మందం 3 అంగుళాలు. ఘనపు మీటరుకు మూడు టన్నుల చొప్పున లెక్కేస్తే అతి ఎత్తైన ప్యానెల్ ఒక్కటే సుమారు 700 కిలోలు తూగుతుంది. ఒక భుజం లింకన్ స్మారకం వైపు, మరొకటి వాషింగ్టన్ స్తంభం వైపు చూపిస్తాయి.

అక్షరం ఎత్తు 0.53 అంగుళం, అంటే పదమూడున్నర మిల్లీమీటర్లు. లోతు 0.38 మిల్లీమీటరు, ఓ విజిటింగ్ కార్డు మందమంత. ఇన్ని వేల పేర్లను ఉలితో చెక్కడం కుదరని పని. రాతి మీద కాంతికి గట్టిపడే పూత పూసి, పేర్ల ఫిల్మ్ పెట్టి, వెలుగు చూపించి, కడిగేశారు. అక్షరం ఉన్నచోట పూత పోయి రాయి బయటపడుతుంది. అప్పుడు గాలి ఒత్తిడితో ఇసుకలాంటి గరుకు రేణువులను చిమ్మితే ఆ భాగం మాత్రమే చెక్కుకుపోతుంది. లోతు ఎక్కువైతే ఇంత చిన్న అక్షరాల అంచులు పెచ్చులూడతాయి, తక్కువైతే చదవలేం. ఆ 0.38 మిల్లీమీటరు తూచి పెట్టిన లెక్క.

అక్షరాల్లో రంగు లేదు, దగ్గరికెళ్లి చూస్తే తెలుస్తుంది. పాలిష్ పట్టిన చోట వెలుగు ఒక దిక్కుకే తిరిగి పోతుంది కాబట్టి రాయి నల్లగా కనబడుతుంది. గరుకైన చోట అన్ని దిక్కులకూ చెదురుతుంది కాబట్టి అక్షరం బూడిదరంగులో తేలుతుంది. వాన పడితే నీళ్లు ఆ గరుకును నింపేస్తాయి, పేర్లు దాదాపు మాయమైపోతాయి. ఆరగానే మళ్లీ వస్తాయి. వానరోజున వెళ్లి పేరు కనబడలేదని వెనక్కి రాకండి. మెత్తని బట్టతో ఆ వరుస అద్దితే చాలు.

ఇక చదివే క్రమం. పేర్లు అకారాది వరుసలో లేవు. ర్యాంకు లేదు, ఊరు లేదు, దళం లేదు. జనరల్ పేరూ కొత్తగా చేరిన కుర్రాడి పేరూ ఒకే సైజు. వరుస మొత్తం తేదీల ప్రకారం. గోడకు ఎదురుగా, రెండు భుజాలు కలిసే చోట నిలబడండి. మీ కుడివైపు మొదటి ప్యానెల్ 1ఈ (ఈ అంటే ఈస్ట్, తూర్పు; డబ్ల్యూ అంటే వెస్ట్, పడమర), దాని పైన 1959 అని ఉంటుంది. మొదటి రెండు పేర్లు 1959 జూలై 8న బియెన్ హోవాలో చనిపోయిన డేల్ బుయిస్, చెస్టర్ ఓవ్‌నాండ్‌లవి. అక్కడి నుంచి కుడివైపు సాగి 70ఈ దగ్గర తూర్పు భుజం అయిపోతుంది. తర్వాతి పేరు కోసం మొత్తం వెనక్కి నడిచి ఎడమ కొసకు వెళ్లాలి. 70డబ్ల్యూ నుంచి మళ్లీ మధ్యకు వస్తూ 1డబ్ల్యూ దగ్గర, 1975 అంకె మీద ముగుస్తుంది. చివరి పేర్లు 1975 మేలో, కంబోడియా పట్టుకున్న అమెరికన్ ఓడ మయాగ్వెజ్‌ను విడిపించే ప్రయత్నంలో పోయినవాళ్లవి. మొదటి చావు, చివరి చావు పక్కపక్కనే ఉంటాయి.

ఒక రోజు పేర్లలోపల మాత్రం అక్షరక్రమం పాటించారు. ఈ తేదీల వరుస వద్దు, టెలిఫోన్ డైరెక్టరీలా పెట్టండి, వెతకడం తేలిక అని అప్పట్లో వాదించినవాళ్లున్నారు. తేదీల వరుసే సరైనదని గట్టిగా నమ్ముతాను. అకారాదిన పెడితే స్మిత్‌లందరూ ఒకచోట పోగవుతారు. ఇప్పుడైతే ఒక మధ్యాహ్నం ఒకే గుట్ట మీద కలిసి చనిపోయినవాళ్లు గోడ మీద కూడా కలిసే ఉన్నారు. వాళ్లతో ఉండి బతికి వచ్చిన మనిషి ఆ రెండు మూడు వరుసల ముందు నిలబడితే తన దళమంతా అక్కడ కనబడుతుంది.

తూర్పు భుజం 1968 మేలో ముగుస్తుంది. అంటే మొత్తం పేర్లలో దాదాపు సగం అప్పటికి అయిపోయాయి. ప్యారిస్‌లో శాంతి చర్చలు మొదలైందీ అదే నెలలో. పడమటి భుజమంతా, ఆ 246 అడుగులూ, చర్చలు మొదలయ్యే వేళ నుంచి చనిపోయినవాళ్లే. ఈ ఒక్క సంగతి తెలుసుకుని నడిస్తే ఎడమ భుజం ముందు అడుగులు వాటంతటవే నెమ్మదిస్తాయి.

పేరు పక్కన గుర్తుల సంగతి. వజ్రం ఆకారపు గుర్తు ఉంటే మరణం ధ్రువపడిందని. శిలువలాంటి కూడిక గుర్తు ఉంటే ఆచూకీ తెలియనివారని. ఏళ్ల తర్వాత ఎముకలు దొరికి గుర్తింపు తేలితే ఆ కూడిక మీదే వజ్రం చెక్కుతారు. మనిషి ప్రాణాలతో తిరిగొస్తే కూడిక చుట్టూ సున్నా చుట్టాలని నియమం పెట్టుకున్నారు. ఆ సున్నా ఇంతవరకూ చుట్టవలసిన అవసరం రాలేదు.

పేరు వెతకడానికి చిరునామా కావాలి: ప్యానెల్ సంఖ్య, దిక్కు, వరుస. ఉదాహరణకు లెఫ్టినెంట్ షారన్ లేన్ పేరు 23డబ్ల్యూ, 112వ వరుస. గోడ మీద ఉన్న ఎనిమిది మంది మహిళల్లో ఆమె ఒకరు, అందరూ నర్సులే. శత్రువు దాడిలో నేరుగా చనిపోయింది ఆమె ఒక్కతే. 1969 జూన్ 8 తెల్లవారుజామున చూ లాయ్ ఆస్పత్రి మీద రాకెట్ పడినప్పుడు ఆమెకు 25 ఏళ్లు. ఈ చిరునామాలు గోడకు రెండువైపులా పెట్టిన పేర్ల పుస్తకంలో అకారాది క్రమంలో ఉంటాయి. ఇంటి దగ్గరే నెట్‌లో చూసి రాసుకుని వెళ్లడం ఇంకా మంచిది. వరుసలు పై నుంచి లెక్కపెట్టాలి. ఎత్తైన ప్యానెల్‌లో 137 వరుసలున్నాయి, వేలు పెట్టి లెక్కిస్తే తప్పిపోతుంది. పది వరుసలకొకసారి అంచున ఓ చిన్న చుక్క చెక్కారు. అవి పట్టుకుని పదుల్లో దిగండి. వరుసకు ఐదు పేర్లు. ఆరో పేరు కనబడితే అది తర్వాత చేర్చినదని అర్థం.

వెతికేవాళ్లు ఎక్కువగా పొరపడేది తేదీ దగ్గర. గోడ లెక్క గాయపడిన తేదీది. మనిషి మార్చిలో గాయపడి జూన్‌లో ఆస్పత్రిలో పోతే సమాధి రాయి మీద జూన్ ఉంటుంది, గోడ మీద పేరు మార్చి వరుసలో ఉంటుంది. సమాధి తేదీ పట్టుకుని వెతికితే దొరకదు. తర్వాత చేర్చిన పేర్లకు మరో చిక్కు: సరైన తేదీ దగ్గర వరుస చివర ఖాళీ ఉంటే అక్కడ చెక్కుతారు, లేకపోతే వీలైనంత దగ్గర్లో.

గోడ మీద లేనివాళ్ల గురించి కూడా చెప్పాలి. యుద్ధ మండలంలో గాయపడో, అక్కడే ఉండో చనిపోయినవాళ్లకే చోటు. అమెరికా సైన్యం అడవుల మీద చల్లిన ఏజెంట్ ఆరెంజ్ అనే విషపు రసాయనం వల్ల జబ్బుపడి ఏళ్ల తర్వాత పోయినవాళ్లు, ఇంటికొచ్చాక మనసు చితికి ప్రాణం తీసుకున్నవాళ్లు ఇందులో లేరు. వాళ్లకోసం 2004లో దగ్గర్లో నేలమీద ఓ ఫలకం వేశారు. అన్నిటికన్నా బాధ కలిగించేది ఫ్రాంక్ ఇ. ఇవాన్స్ అనే యుద్ధనౌక కథ. 1969 జూన్ 3న దక్షిణ చైనా సముద్రంలో విన్యాసాలు జరుగుతుండగా ఆస్ట్రేలియా విమానవాహక నౌక మెల్‌బోర్న్ దాన్ని ఢీకొని రెండు ముక్కలు చేసింది. 74 మంది పోయారు. వాళ్లలో నెబ్రాస్కాకు చెందిన సేజ్ సోదరులు ముగ్గురు, ఒకే తల్లి బిడ్డలు. ప్రమాదం జరిగిన చోటు యుద్ధ మండలం గీతకు బయట ఉందన్న కారణంతో ఒక్క పేరూ ఎక్కలేదు. ఆ నౌక అంతకు ముందు వియత్నాం తీరంలో యుద్ధపని చేసి వచ్చినదే. ఆ 74 పేర్లకు గోడ మీద చోటివ్వాలి, నా మటుకు ఇందులో సందేహం లేదు.

పేరు అచ్చు తీసుకోవడానికి అక్కడి వాలంటీర్లు సన్నని కాగితపు పట్టీలు, పెన్సిల్ ఇస్తారు. కాగితం పేరు మీద కదలకుండా పట్టుకుని, పెన్సిల్ పక్కకు వాల్చి, ఒకే దిక్కుగా తేలిగ్గా రుద్దాలి. గట్టిగా నొక్కితే కాగితం గాడిలోకి దిగి అక్షరం చెదురుతుంది. టేపు అంటించకూడదు, సుద్దముక్క రాయకూడదు. పై వరుసలు అందకపోతే వాలంటీర్లే నిచ్చెన మీద ఎక్కి తీసి ఇస్తారు. ఫొటో తీసేవాళ్లు ఎదురుగా నిలబడితే మీరే పడతారు. పక్కకు జరిగి ఏటవాలుగా తీయండి. గోడ దక్షిణానికి తిరిగి ఉంది కాబట్టి జూలై మధ్యాహ్నం రాయి బాగా కాలుతుంది. పెద్దవాళ్లతో వెళ్తే పొద్దున్నే వెళ్లండి. రుసుము లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. దగ్గరి మెట్రో స్టేషన్ ఫాగీ బాటమ్, అక్కడి నుంచి మైలు దూరం నడక.

తేదీల గురించి మన వాట్సాప్ గ్రూపుల్లో ఏటా జరిగే పొరపాటు ఒకటి ఉంది. మెమోరియల్ డే చనిపోయిన సైనికులది, వెటరన్స్ డే సైన్యంలో పనిచేసిన అందరిదీ. మే చివరి సోమవారం నాడు అమెరికాలో ఉన్న పిల్లలకు హ్యాపీ మెమోరియల్ డే అని పువ్వుల బొమ్మ పంపడం తగదు; పక్కింట్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉండొచ్చు. అంతర్యుద్ధం తర్వాత 1868 మే 30న సమాధులను పూలతో అలంకరించమని జనరల్ జాన్ లోగన్ ఇచ్చిన ఉత్తర్వుతో ఇది దేశవ్యాప్తమైంది. అంతకు మూడేళ్ల ముందే, 1865 మే 1న, చార్ల్‌స్టన్‌లో బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివాళ్లు 257 మంది యూనియన్ (ఉత్తరాది) సైనికుల సమాధులను బాగుచేసి పూలు పెట్టారు. తేదీ 1971 నుంచి మే చివరి సోమవారానికి మారింది. ఆ రోజు జెండా ముందు పూర్తిగా పైకెక్కించి, తర్వాత సగానికి దించాలి. మధ్యాహ్నం 12కు మళ్లీ పైకి. సగం దాకానే ఎక్కించి ఆపేయడం తప్పు. మధ్యాహ్నం 3 గంటలకు ఒక నిమిషం మౌనం. ఎక్కడివాళ్లకు అక్కడి సమయం అది; వాషింగ్టన్‌లో 3 అయ్యేసరికి మనకు అర్ధరాత్రి దాటి 12:30, అప్పటికి మంగళవారం.

వెటరన్స్ డే నవంబరు 11, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు. 1971 నుంచి 1977 వరకు దీన్నీ సోమవారానికి మార్చి చూశారు, జనం ఒప్పుకోకపోతే 1978లో పాత తేదీకే తెచ్చారు. వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో కార్యక్రమం అక్కడి ఉదయం 11కు, మనకు రాత్రి 9:30. వియత్నాంలో పోరాడిన అమెరికన్ సైనికులకు విడిగా మార్చి 29 ఉంది. 1973లో చివరి అమెరికన్ పోరాట దళాలు వియత్నాం వదిలిన రోజు. పెర్ల్ హార్బర్ రోజు డిసెంబరు 7న జెండా సూర్యాస్తమయం దాకా సగంలోనే ఉంటుంది; 2,403 మంది పోయిన ఆ దాడిలో అరిజోనా ఓడ ఒక్కదాని మీదే 1,177 మంది.

రాయి మీద పేరు చెక్కి వీరుణ్ణి తలుచుకోవడం ఈ నేలకు పాత అలవాటు. బెంగళూరు అన్న పేరు మొట్టమొదట కనబడేది బేగూరు గుడిలో, క్రీ.శ. 890 ప్రాంతపు వీరగల్లు మీద, ఇక్కడ జరిగిన పోరులో చనిపోయినవారి ప్రస్తావనలో. ఇప్పుడూ సొంత ఊళ్లో జవాను స్మారకానికి ఫలకం చేయించడానికి బెంగళూరు శివార్లలోని జిగణి వైపు రాతి యూనిట్లకు వచ్చే తెలుగువాళ్లున్నారు. వాళ్లకు పనికొచ్చే నాలుగు మాటలు.

రంగు పట్టించిన రాయి ఇస్తున్నారేమో చూసుకోండి. తెల్లబట్ట మీద అసిటోన్ పోసి రాయి వెనక, అంచున గట్టిగా రుద్దండి. బట్టకు నలుపు అంటితే వదిలేయండి, ఎండకు రెండేళ్లలో బూడిదైపోతుంది. స్లాబు మీద నీళ్లు చల్లి ఆరుతుండగా చూడండి. సన్నని పగులు ఉంటే ఆ గీత చివరిదాకా తడిగా మిగులుతుంది. బయట పెట్టే ఫలకానికి అక్షరాల్లో బంగారు రంగు నింపొద్దు. కొన్నేళ్లకు పెచ్చులూడి సగం పేరు మిగులుతుంది. మంచి నల్లరాయి మీద గరుకు అక్షరం రంగు లేకుండానే చదవొస్తుంది. తెలుగుకు మరో జాగ్రత్త: తలకట్టు, వొత్తులు, సున్నా లోపలి ఖాళీ మరీ సన్నగా ఉంటే ఇసుక దెబ్బకు స్టెన్సిల్ (అక్షరాలు కోసి రాయికి అంటించే పొర) లేచిపోయి అక్షరం ముద్దవుతుంది. అరంగుళం సరిపోదు, కనీసం అంగుళం ఎత్తు పెట్టించండి. దీపం నూనె, పసుపు, కుంకుమ పాలిష్ భాగంలో ఇంకవు గానీ గరుకు అక్షరంలో పట్టుకుంటాయి. ఫలకం ముందు విడిగా చిన్న గట్టు కట్టిస్తే దీపం అక్కడ పెట్టుకోవచ్చు. శుభ్రానికి నీళ్లు, మెత్తని బ్రష్షు, ఘాటులేని సబ్బు చాలు. వాషింగ్టన్ గోడను వాలంటీర్లు కడిగేదీ దాదాపు ఇలాగే. బాత్రూం కడిగే యాసిడ్ తగిలితే పాలిష్ చస్తుంది.

పేర్ల జాబితా అచ్చు తీసి కుటుంబం చేత సంతకం పెట్టించుకున్నాకే స్టెన్సిల్ కోయమనండి. ఇంటిపేరు, తండ్రి పేరు, దళం సంఖ్య, తేదీ ఒక్కొక్కటీ సర్వీసు కాగితాలతో సరిచూడాలి. అంత జాగ్రత్తగా చేసిన వాషింగ్టన్ గోడ మీద కూడా కాగితాల తప్పుల వల్ల బతికున్న కొందరి పేర్లు ఎక్కాయి. చెక్కిన పేరును చెరపడం కుదరదు; ఆ ప్యానెలే మార్చాలి.